ఈసారి వనభోజనం గింకో చెట్టు కింద

ఈ కార్తీకంలో నా వనభోజనం ఉసిరిచెట్టు కింద కాదు, కొరియాలో ఒక గింకో చెట్టు దగ్గర జరిగింది.

మా అబ్బాయి, కోడలు సియోల్ పక్కన ఉంటారు. "అమ్మా, దీపావళి అవగానే వచ్చెయ్. పది రోజులు ఆలస్యమైతే ఆకు ఉండదు" అని టికెట్ తీసేటప్పుడే వాడు చెప్పాడు. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పాను. వివృతబీజాల పాఠం, అంటే కాయ లేకుండా విత్తనం బయటికే ఉండే మొక్కల పాఠం, వచ్చినప్పుడల్లా గింకో బైలోబా అని బోర్డు మీద రాసి, పక్కన ఆకు బొమ్మ వేసి, "సజీవ శిలాజం" అన్న మాట కింద పిల్లల చేత రెండు గీతలు గీయించేదాన్ని. చెట్టుని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. మన కోనసీమ వేడికి అది బతకదు కదా. వాడికి ఆ సంగతి గుర్తుంది. చిన్నప్పుడు నా పాఠాలు వంటింట్లో కూర్చుని విన్నవాడే.

ఆదివారం పొద్దున్నే నిమ్మకాయ పులిహోర కలిపి, పెరుగన్నం, ఆవకాయ సర్దుకుని బయల్దేరాం. యాంగ్‌ప్యాంగ్ అనే చోట యోంగ్‌మున్‌సా అని బౌద్ధాలయం ఉంది. సియోల్ నుంచి మెట్రో రైల్లోనే యోంగ్‌మున్ స్టేషన్ దాకా వెళ్లిపోవచ్చు. అక్కడి నుంచి బస్సు. బస్సు దిగాక కొండదారిలో కిలోమీటరు పైన నడక. చీర మీద స్వెట్టరు, దాని మీద కోడలి కోటు, కాళ్లకి సాక్సు. దారి పక్కనే రాళ్ల మధ్య సన్నటి కాలవ పారుతూ వచ్చింది, అచ్చం మన చేలగట్ల వెంట పంటబోదెలాగే. ఆ చప్పుడు వింటుంటే పరాయి దేశంలో ఉన్నానన్న బెరుకు పోయింది.

మలుపు తిరగ్గానే చెట్టు కనిపించింది. గుడి ఇంకా కనిపించలేదు, చెట్టే ముందు.

దాని వయసు 1100 ఏళ్లు ఉంటుందని అంచనా. ఎత్తు సుమారు 40 మీటర్లు, అంటే బాగా ఎదిగిన కొబ్బరిచెట్టు మీద ఇంకో కొబ్బరిచెట్టు నిలబెట్టినంత. పిడుగు దాని మీద పడకుండా పక్కనే ఎత్తుగా ఇనుప స్తంభం నిలబెట్టారు. చెట్టంతా ఒకటే పసుపు. చుట్టూ ఉన్న మేపుల్ చెట్లలో ఎరుపు, నారింజ, గోధుమ అన్నీ కలిసి ఉన్నాయి. గింకోలో ఎరుపు రంగు తయారవదు. పత్రహరితం విరిగిపోయాక లోపల మొదటి నుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది, అంతే. అందుకే అంత శుభ్రంగా ఉంటుంది ఆ రంగు. గడపకి పసుపు రాసిన రోజున ఇంటిముందు ఎలా ఉంటుందో, కొండ మొత్తానికి అలా ఉంది.

కింద రాలిన ఆకు ఒకటి తీసి వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాను. విసనకర్ర ఆకారం, మధ్యలో చిన్న చీలిక. తొడిమలోంచి రెండే ఈనెలు వస్తాయి. ఒక్కోటీ రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ రెండేసి. అంచు దాకా ఇలా చీలుతూ పోతాయే తప్ప, వాటిని కలిపే అడ్డ ఈనెలు ఉండవు. రావి ఆకు నీళ్లలో నానబెట్టి, పచ్చదనం కడిగేస్తే వల మిగులుతుందే, చిన్నప్పుడు పుస్తకాల్లో దాచుకునేవాళ్లం, అలాంటి వల ఇందులో రాదు. దువ్వెన పళ్లలా నిలువు గీతలే. నా మనవరాలికి చూపించి "లెక్కపెట్టు" అన్నాను. ఇరవై దాటాక దాని వేలు తడబడింది. నేను బోర్డు మీద అన్నేళ్లు వేసిన బొమ్మలో ఈనెలు ఆరో ఏడో ఉండేవి.

అంతలో గాలి ఇటు తిరిగింది. మనవరాలు ముక్కు మూసుకుంది. ఆ వాసన నాకు వెంటనే తెలిసింది. నెయ్యి కాచాలని మీగడ దాచి, మరిచిపోతే నాలుగు రోజులకి గిన్నె మూత తీసినప్పుడు వస్తుందే, అదే. గింకోలో ఆడచెట్టు, మగచెట్టు వేరువేరు. ఇది ఆడది. రేగుపండంత పసుపు కాయలు కింద చితికి ఉన్నాయి. మనం కాయ అంటున్నా, నిజానికి అది విత్తనమే, పైన మెత్తటి కండ ఉన్న విత్తనం. ఆ కండలో ఉండేది బ్యూటిరిక్ ఆమ్లం. పాడైన వెన్నలో ఉండేదీ అదే. చాలా ఊళ్లలో ఈ వాసన పడలేక రోడ్ల పక్కన మగచెట్లే నాటుతున్నారట. లోపలి పప్పుని వేయిస్తే తింటారు. దారిలో ఒక బండి మీద పుల్లకి గుచ్చి అమ్ముతుంటే చూశాం, లేతాకుపచ్చగా, మెరుస్తూ.

గాలి వాలు చూసుకుని కాస్త దూరంలో బల్ల దగ్గర పులిహోర పొట్లాలు విప్పాం. పక్క బల్ల మీద ఉన్న ముసలావిడ ఆవకాయ ఎరుపు చూసి ఏదో అడిగింది. కోడలు వాళ్ల భాషలో చెప్పింది. ఆవిడ తన డబ్బాలోంచి కిమ్చీ, అదే వాళ్ల ఊరగాయ, తీసి మా మూత మీద పెట్టింది. నేను ఆవకాయ ముక్క వేశాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూస్తూ నమిలాం. ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ చెయ్యి చాపింది.

తిన్నాక అబ్బాయి చెట్టు కథలు చెప్పాడు. కొరియాలో పూర్వం ఉన్న సిల్లా రాజ్యం పోయాక ఆఖరి యువరాజు దుఃఖంతో కొండల్లోకి వెళ్లిపోతూ దీన్ని నాటాడని ఒక కథ. ఉయిసాంగ్ అనే గొప్ప భిక్షువు చేతికర్ర గుచ్చితే చిగిర్చిందని ఇంకో కథ. సెజాంగ్ రాజు ఈ చెట్టుకి ఉన్నతాధికారి హోదా ఇచ్చాడని కూడా చెబుతారు. నా మనసులో నిలిచింది మాత్రం 1907 నాటి సంగతి. జపాన్ సైన్యం ఈ గుడిని తగలబెట్టింది. గుడి బూడిదైంది, చెట్టు మిగిలింది. ఇప్పుడు మేం మెట్లెక్కి దణ్ణం పెట్టుకున్న గుడి తర్వాత కట్టుకున్నదే. అంటే అక్కడున్న వాటన్నిటిలోకీ పాతది చెట్టే. పేరుకి వెయ్యేళ్ల గుడి. ఆ వెయ్యేళ్లనీ చూసి నిలబడి ఉన్నది అదొక్కటే.

హిరోషిమాలో కూడా ఇలాగే జరిగింది. బాంబు పడిన చోటికి కిలోమీటరు పైచిలుకు దూరంలో హోసెన్‌బో అనే గుడి ఉండేది. గుడి నేలమట్టమైంది, కాలిన గింకో మళ్లీ చిగురు తొడిగింది. గుడి తిరిగి కట్టేటప్పుడు చెట్టుని కొట్టకుండా మెట్లే దాని చుట్టూ తిప్పి కట్టుకున్నారు. చైనాలో షియాన్ దగ్గర పాత గ్వాన్‌యిన్ గుడిలో 1400 ఏళ్ల చెట్టు ఉందని, తాంగ్ చక్రవర్తి తైజాంగ్ నాటాడని చెబుతారని వాడు ఫోన్లో వీడియో చూపించాడు. నేల కనబడకుండా పసుపు తివాచీ. గుడి నేల కాబట్టి వాటి మీద గొడ్డలి పడలేదు. అందువల్ల కూడా ఆ జాతి ఇంతకాలం మనుషుల మధ్య నిలిచిందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు.

రాత్రి నిద్ర పట్టలేదు. నవంబరు మొదటివారం అంటే మా కోనసీమవాళ్లకి 1996 తుఫాను. ఆ నవంబరు 6 రాత్రి మా పెరట్లో పద్దెనిమిది కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తెల్లారి చూస్తే మా కాలవగట్టు మీద రావిచెట్టు వేళ్లతో సహా లేచి కాలవకి అడ్డంగా పడుంది. మా మామగారు దాని కింద పంచాంగం విప్పుకుని కూర్చునేవారు. ఆయన ఆ మాను దగ్గర నిలబడి, "ఎన్నాళ్లదో ఇది" అని మాత్రం అన్నారు, ఇంకేం మాట్లాడలేదు. మాది ఒండ్రుమట్టి. నాలుగడుగులు తవ్వితే నీళ్లు. వేళ్లు లోతుకి పోవు, గాలి ఊరుకోదు. వెయ్యేళ్ల చెట్టు మా నేల మీద ఎక్కడ నిలుస్తుంది?

మార్గశిరంలో ఇంటికొచ్చాను. రాజమండ్రి నుంచి కారులో వస్తుంటే రావులపాలెం దాటాక ఇరువైపులా చేలు పండిపోయి ఉన్నాయి. స్వర్ణ రకం, పేరుకి తగ్గట్టే. ప్రతి ఏడూ చూసే పసుపే. ఈసారి మాత్రం డ్రైవరుని బండి ఆపమన్నాను. గట్టు మీద నిలబడి ఒక వరి ఆకు తుంచి చూశాను. కింది ఆకులు ఎండి, పై ఆకు ఇంకా సగం పచ్చగా ఉంది. గింకో కొమ్మ మీద జరిగిందే ఇక్కడా జరుగుతోంది. మొక్క తన ఆకుల్లోంచి నత్రజనిని వెనక్కి లాగేసుకుంటుంది, ఆకు పసుపు పడుతుంది. గింకో దాన్ని వచ్చే ఏటి చిగురు కోసం కొమ్మల్లో, మానులో దాచుకుంటుంది. వరి గింజలోకి పంపేసి చచ్చిపోతుంది. అక్కడ జనం రైళ్లెక్కి చూడ్డానికి వెళ్లే రంగులో మనం ఇక్కడ కోత మిషన్లు దింపుతాం, రోడ్డు మీద బరకాలు పరిచి ధాన్యం ఆరబోసుకుంటాం. మబ్బు పడితే టెన్షన్ తప్ప ఆ రంగుని నిలబడి చూసే తీరిక ఏ రైతుకి ఉంది? నాకూ ఎప్పుడూ లేకపోయింది.

ఆ వారంలోనే ఆదుర్రు వెళ్లాను. అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి, పాసర్లపూడి మీదుగా వెళ్లాలి. కొబ్బరితోటల మధ్య పురావస్తుశాఖ వాళ్లు కంచె వేసి కాపాడుతున్న బౌద్ధ స్తూపం ఉంది. ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అంటారు. ఇంత దగ్గర్లో ఉండి కూడా నేను కాలేజీ పిల్లల్ని తీసుకుని ఒక్కసారే వెళ్లాను. మిగిలింది ఇటుకలే. పెద్ద పెద్ద ఇటుకలు, బండిచక్రంలా పేర్చినవి. నాలుగు దిక్కులా ముందుకి పొడుచుకొచ్చిన అరుగులు, వాటిని ఆయకాలంటారు. బండిచక్రంలో ఇరుసు నుంచి కమ్మి దాకా ఉండే కర్రల్ని మన భాషలో ఆకులనే అంటాం. ఆ చక్రం చూస్తుంటే ఆ మాట తట్టి, చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

అశోకుడి కూతురు సంఘమిత్ర బోధివృక్షం కొమ్మ తీసుకుని సింహళం వెళుతూ ఇక్కడ ఆగిందని, స్తూపానికి పునాది ఆమే వేసిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కొమ్మ నాటిన చెట్టుని అనురాధపురంలో ఈనాటికీ పూజిస్తున్నారు. కొరియాలో గుడి పోయి చెట్టు మిగిలింది. మాకు చెట్టు దాటిపోయి ఇటుకలు మిగిలాయి.

స్తూపం పక్కన ఒకావిడ కొడవలితో గడ్డి తీస్తోంది. బ్యాగులోంచి గింకో ఆకు తీసి చూపించాను. అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పింది.

"తాటాకు విసనకర్రలాగుందండి. బొమ్మల పెళ్లికి చేసినట్టుగా."

"చెట్టు ఆకేనమ్మా. కొరియాలో గుడి దగ్గర చెట్టుది."

"ఆయ్. అక్కడ గుళ్లో చెట్లుంచుతారాండీ? ఇక్కడైతే మొలిచినయ్యి మొలిచినట్టే పీకెయ్యమంటారు, ఇటుకలు బీటలిచ్చేత్తాయని."

అంటూనే ఇటుకల సందులోంచి ఒక మొక్క లాగబోయింది. జానెడు కూడా లేదు. పిట్ట వేసిన విత్తనం. ఆకు చివర సన్నటి తోక చూడగానే రావి అని తెలిసింది. "అమ్మా, తెంపకు, వేరుతో ఇవ్వు" అన్నాను. ఆవిడ కొడవలి మొనతో సున్నితంగా సందు గోకి, తల్లివేరు తెగకుండా తీసి ఇచ్చింది. ఆ వేరు మొక్కకంటే పొడుగుంది. మంచినీళ్ల సీసా తలకాయ కోసి, కాస్త తడిమట్టి వేసి, అందులో పెట్టి తెచ్చుకున్నాను. గింకో ఆకు ఆవిడే ఉంచుకుంది, వాళ్ల పాపకి చూపిస్తానని.

ఇప్పుడది మా వాకిట్లో కుండీలో ఉంది. వానలు మొదలయ్యాక కాలవగట్టు మీద, పాత మాను పడినచోటే నాటాలని ఉంది. కాలవ చూసుకునే లస్కరుతో మాట్లాడాను, ఒక కంచె కట్టుకోండమ్మా, మేకలు తినేస్తాయి అన్నాడు. తెచ్చిన రోజు నాలుగు ఆకులున్నాయి. అందులో ఒకటి పండి రాలిపోయింది. మొన్న పొద్దున్న నీళ్లు పోస్తుంటే కొత్తది కనిపించింది, రాగిరంగులో, ఇంకా మడత విప్పలేదు.