కపెర్నహూము రాళ్ళ మధ్య

గలిలయ సముద్రం ఒడ్డున కపెర్నహూము గేటు మీద 'యేసు పట్టణం' అని రాసి ఉంటుంది. అందరితో పాటు నేనూ అక్కడ నిలబడి ఫొటో దిగాను. మా ఇజ్రాయెల్ యాత్రలో అది నాలుగో రోజు. నజరేతు, కానా చూసి వచ్చేసరికే నా ధ్యాసంతా ఫొటోల మీదికి పోయింది.

లోపల నల్లరాతి మొండిగోడలు, వాటి మధ్య తెల్ల సున్నపురాతి స్తంభాలతో సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనా స్థలం. ఆ తెల్ల కట్టడం 4వ, 5వ శతాబ్దాల నాటిదట. దాని కిందున్న నల్లరాతి పునాది యేసు బోధించిన మందిరానిదని చాలామంది నమ్ముతారు. కొద్ది దూరంలోనే యేసు శిష్యుడు పేతురు ఇల్లని చెప్పే శిథిలాలు. వాటి పైన 1990లో కట్టిన చర్చిలో నేల మధ్య అద్దం ఉంది, అందులోంచి కిందికి చూడొచ్చు. పైకప్పు విప్పి పక్షవాయువు రోగిని యేసు ముందుకు దించింది ఈ ఊళ్ళోనే. ప్రభువు అతనికి ముందు ఇచ్చింది నడక కాదు, పాపక్షమాపణ.

పాస్టర్ గారు మత్తయి 11వ అధ్యాయం చదివారు. ఆకాశమంత హెచ్చిన కపెర్నహూము పాతాళానికి దిగిపోతుందని యేసు అన్న మాట. నజరేతు వాళ్ళు ఆయన్ని కొండ మీద నుంచి తోసేయాలని చూశారు. కపెర్నహూము వాళ్ళు అలా చేసినట్టు ఎక్కడా లేదు. అద్భుతాలు చూశారు, మారుమనస్సు పొందలేదు, అంతే. బహుశా ఆయనకు అలవాటుపడిపోయి ఉంటారు. 1894లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఈ స్థలం కొనేనాటికి ఊరు లేదు, రాళ్ళే మిగిలాయి.

మా గుంపులో ఒక పెద్దావిడ గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"కాళ్ళు నొప్పా అమ్మా?" అని అడిగాను.

"కాదు తల్లీ. నాకు యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఆయనెవరో తెలీదు. వీళ్ళకేమో వీధిలోనే దొరికాడు."

నేను ఏమీ అనలేకపోయాను. మూడో తరం విశ్వాసిని నేను. ఆయన నాకు మా ఇంట్లోనే దొరికాడు. మాటలు రాకముందే ప్రార్థన విన్నాను. పౌలు ఎఫెసీయులకు రాసిన ఆత్మసంబంధమైన ఆశీర్వాదాల్లో మన అపరాధాలకు క్షమాపణ ఉంది, అదీ ఆయన రక్తం వల్ల. దాన్ని నేను రోజూ నిద్రకు ముందు ఒక్క వాక్యంలో అడిగేసి పడుకునేదాన్ని. దేనికి క్షమించమంటున్నానో కూడా ఆలోచించేదాన్ని కాదు. అలా అడుగుతూనే, రెండేళ్ళుగా మా చెల్లెలితో మాట్లాడకుండా ఉన్నాను.

బస్సులో ఎవరో పాట ఎత్తుకున్నారు. నాకు గొంతు కలపాలనిపించలేదు.

రెండు రోజుల తర్వాత యెరూషలేములో, యేసు సమాధి ఉన్న చోటని కొందరు నమ్మే గార్డెన్ టూంబ్ తోటలో ప్రభు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. ఒలీవ చెక్కతో చేసిన చిన్న గిన్నె, బొటనవేలంత. నన్ను నేను పరీక్షించుకోమని పాస్టర్ గారు ఎన్నిసార్లు చెప్పగా విన్నానో. ఈసారి 'నా పాపాలు క్షమించు ప్రభువా' అని ఊరుకోలేకపోయాను. ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. చెల్లెలి పేరు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. కళ్ళు తెరిచి చూస్తే అందరి గిన్నెలూ ఖాళీ అయ్యాయి. నాది నిండుగా చేతిలోనే ఉంది. పక్కనున్న పెద్దావిడ కూడా తాగకుండా నా కోసం ఆగింది.