పాత ప్రింటు సౌండ్ పని: 15 రీళ్లలో 11 అయ్యాయి

ఒక పాత సినిమా ఫిల్ము ప్రింటు మీదున్న సౌండును కంప్యూటర్లోకి దింపుతున్నాం. పోయిన ఆదివారం తెల్లవారుజామున 11వ రీలు సౌండ్ పూర్తిగా దిగింది. ఇంకా నాలుగున్నాయి, వాటిలో ఒకటి పాడవడం మొదలైంది, దాని సంగతి కింద రాస్తాను. మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది కాబట్టి ఏం చేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో ఒకచోట రాసి పెడితే ఇలాంటి పని తలకెత్తుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

సినిమా 1962లో వచ్చిన నలుపు తెలుపు జానపదం. పని అయ్యేదాకా పేరు బయటపెట్టకూడదని అందరం అనుకున్నాం. మన చట్టంలో సినిమా హక్కులు విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు ఉంటాయి, ఆ గడువు దాటింది కాబట్టే ధైర్యంగా దీన్ని పట్టుకున్నాం. ఇప్పుడు ఈ సినిమా టీవీలో చూసినా, ఫోన్‌లో చూసినా వినిపించేది ఒకటే సౌండు, పాత వీసీడీ నుంచి తీసింది. దానికి ఎవరో ఎకో కలిపారు, ఒక్క ట్రాకును రెండు స్పీకర్లకూ సాగదీశారు, టైటిల్ మ్యూజిక్ సగానికి కోశారు. థియేటర్లో జనం విన్న మోనో (ఒకే ట్రాకు) సౌండు ఎక్కడా లేదు. మా పనల్లా ఆ మోనోను ఉన్నది ఉన్నట్టు దింపి దాచడమే.

1957 నాటి మాయాబజార్ 2010లో రంగులతో, డీటీఎస్‌తో వచ్చినప్పుడు నేనూ హాలుకెళ్లి సంతోషంగా చూశాను, కొత్త మిక్స్ చేయడం మీద నాకేం పేచీ లేదు. కొత్తది వచ్చాక పాతది దొరక్కుండా పోతుందే, అక్కడే నా బాధంతా.

మేం ఐదుగురం. నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాను, మా మేడ మీద గదే మా స్టూడియో. చిత్తూరు అన్న రేడియోలు, ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తాడు. మదనపల్లె తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు ఫైళ్లు సరిచేస్తాడు. శ్రీకాళహస్తి టీచర్ మేడం దగ్గర రేడియోలో వచ్చే సంక్షిప్త శబ్ద చిత్రాలు (సినిమా సౌండును కుదించి వేసేవి) రికార్డు చేసిన క్యాసెట్లు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. ఐదో మనిషి పుత్తూరు మామ, ముప్పై ఏళ్లకు పైగా థియేటర్లలో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. బంధుత్వం ఏమీ లేదు, మొదటి రోజే మామా అన్నాం, అదే నిలిచిపోయింది. ప్రింటు దొరికింది కూడా ఆయన వల్లే. నగరి వైపు మూతపడ్డ ఒక హాల్లో సామాన్లు పాత ఇనుముకు వేస్తున్నారని తెలిసి, బస్సెక్కి పోయి డబ్బాలు కొనుక్కొచ్చారు.

పని మొదలుపెట్టకముందే తేలాల్సిన విషయం ఒకటుంది, అది స్పీడు. మా అమ్మ హార్మోనియం ముందు కూర్చుని వీసీడీలో పద్యం విని శ్రుతి పట్టుకోబోతే ఏ మెట్టు మీదా కూర్చోలేదు, రెండు మెట్ల మధ్యలో వేలాడింది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన వీసీడీలు 25. అంటే బొమ్మా మాటా రెండూ నాలుగు శాతం పైచిలుకు వేగంగా పరిగెడతాయి, శ్రుతి హార్మోనియం మీద ముప్పావు మెట్టు దగ్గరదగ్గర పైకి జరుగుతుంది. అమ్మ చెవి ఒక్కటే సాక్ష్యం అంటే చాలదు కదా, అందుకని తమ్ముడు వీసీడీ సౌండును స్పెక్ట్రమ్‌లో (ఏ స్వరం ఎంత ఉందో గీతలుగా చూపే బొమ్మలో) పెట్టి కింది భాగం పెద్దది చేసి చూశాడు. కరెంటు గుయ్యిమనే శబ్దం మన దేశంలో 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఊపులు) దగ్గర ఉండాలి. అక్కడ సన్నగా రెండు గీతలున్నాయి. ఒకటి 50 దగ్గర, వీసీడీకి ఎక్కించిన మెషీన్ కలిపింది. రెండోది 52 దాటి కొంచెం పైన. అది స్టూడియోలో రికార్డింగ్ నాడే పడిన గుయ్యి, సినిమాతోపాటు అది కూడా వేగం పెరిగింది. 50ని 24తో భాగించి 25తో గుణిస్తే 52.08 వస్తుంది, సరిగ్గా అదే. మీ దగ్గరున్న కాపీ స్పీడు మారిందో లేదో తెలియాలంటే ముందు ఈ పరీక్ష చేయండి, పది నిమిషాల పని.

ఇక ప్రింటు నుంచి దింపడం. 35 ఎంఎం ఫిల్ములో బొమ్మకూ చిల్లులకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున ఒక పట్టీ ఉంటుంది, అందులో తెల్లగా వంకర్లు తిరుగుతూ పోయే గీతే సౌండు. ఎక్సైటర్ ల్యాంపు అనే చిన్న బల్బు వెలుగు ఆ గీతలోంచి దూరి, వెలుగును కరెంటుగా మార్చే సెల్ మీద పడుతుంది, వెలుగు హెచ్చుతగ్గులే మాట. మామ పాత ప్రొజెక్టర్ ఒకటి తెప్పించి, బొమ్మ వేసే ఆర్క్ ల్యాంపు భాగం తీసేసి, సౌండు చదివే భాగం, అంటే సౌండ్ హెడ్ ఒక్కటి బాగుచేశారు. బొమ్మ వెయ్యాల్సిన పని లేదు, కాబట్టి ఫిల్ముకు వేడి తగలదు. ల్యాంపుకు మొదట కరెంటు నుంచే సప్లై ఇచ్చాం, 100 హెర్ట్జ్ గుయ్యి భరించలేనంత వచ్చింది. చిత్తూరు అన్న ఒక ఆటో బ్యాటరీ తెచ్చి, రెగ్యులేటర్ పెట్టి ల్యాంపుకు కావాల్సిన 10 వోల్టులకు తగ్గించాడు. గుయ్యి మాయం. రికార్డింగ్ 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. నిమిషానికి 17 ఎంబీ అవుతుంది, ఈ లెక్కన మొత్తం సినిమా 3 జీబీ లోపే, కాబట్టి స్టోరేజీకి భయపడి క్వాలిటీ తగ్గించుకోవద్దు.

సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ పడుతుంది, మోటారు నెమ్మదిస్తుంది. దానికి మందు లెక్కే. అడుగుకు 16 ఫ్రేములు, వెయ్యి అడుగుల రీలంటే 16,000 ఫ్రేములు, 24 చొప్పున 666.7 సెకన్లు రావాలి. మా 3వ రీలు సరిగ్గా వెయ్యి అడుగులు, 671 సెకన్లు వచ్చింది, ఆ నిష్పత్తిలో సరిచేశాం. రీలు మధ్యలో స్పీడు మారితే మాత్రం ఈ లెక్క పనిచేయదు, అప్పుడు 96 హెర్ట్జ్ చూడాలి. ఫ్రేముకు నాలుగు చిల్లులు, సెకనుకు 24 ఫ్రేములు, కాబట్టి చిల్లుల తాలూకు సన్నటి రొద 96 దగ్గర పడుతుంది. అది ఎక్కడ వంగితే మోటారు అక్కడ తడబడినట్టే. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి దింపుతున్నాం, ఆ వేళ కరెంటు నిలకడగా ఉంటుంది, వీధిలో బండ్ల చప్పుడూ ఉండదు.

4వ రీలు డబ్బా మూత తీయగానే గదంతా పులిసిన వాసన. అసిటేట్ ఫిల్ము చెడిపోతే వెనిగర్ వాసన వస్తుందని చదివాను గానీ కళ్లు మండేంత వస్తుందని అనుకోలేదు. దాన్ని మిగతా డబ్బాలకు దూరంగా పెట్టండి, ఆ ఆవిరి తగిలితే పక్కవి కూడా చెడతాయి. మామ స్కేలు పెట్టి 100 చిల్లుల పొడవు కొలిచారు. కొత్త ప్రింటులో 475 మిల్లీమీటర్లు ఉండాలి, ఇది 469. ఒక శాతం దాటి కుంచించుకుపోయింది. అయినా ఒకసారి వేసి చూద్దామని నేనే తొందరపెట్టాను, ఆరడుగులు కూడా పోకముందే చిల్లులు పటపటమని చిరిగాయి. మామ ఏమీ అనలేదు, మెల్లగా వెనక్కి తిప్పి చిరిగినచోట టేపు వేస్తూ, “దీన్ని పళ్ల చక్రానికి ఎక్కించకూడదు నైనా, ఫోటో తీసుకోండి” అన్నారు.

అలా ఆ రీలు ఫోటోలతో చేశాం. కింద ఎల్ఈడీ లైటు, పైన మాక్రో లెన్స్ కెమెరా, ఫిల్మును ఒక్కో ఫ్రేము జరిపే చిన్న మోటారు. రెండు సెకన్లకు ఒక ఫోటో, 16,000 ఫోటోలు, దాదాపు తొమ్మిది గంటలు. కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకోండి, లేకపోతే ఒక్కో రీలుకు 16,000 సార్లు కొట్టుకుని షట్టర్ త్వరగా అరుగుతుంది. ఫ్రేము ఎత్తు కనీసం 2,000 పిక్సెళ్లు వచ్చేలా చూసుకోవాలి, అప్పుడు సెకనుకు 48,000 పిక్సెల్ వరసలు వస్తాయి, పాత మోనోకు అది ఎక్కువే. ఆ ఫోటోలను సౌండుగా మార్చడానికి ఏఈఓ-లైట్ అని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్రేముల లెక్కన చదువుతుంది కాబట్టి ఫిల్ము కుంచించుకున్నా శ్రుతి మారదు. తమ్ముడు రాత్రి రెండింటికి పంపిన మొదటి 30 సెకన్ల ఫైలులో గుర్రపు డెక్కల చప్పుడు, దాని వెనక ఒక ఆడమనిషి గొంతు “ఆగండి” అనడం వినిపించింది. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అతుకుల గురించి కాస్త వివరంగా రాయాలి. తెగినచోటల్లా ఆపరేటర్లు రెండు మూడు ఫ్రేములు కోసి అతికిస్తారు, ఈ ప్రింటులో ఇప్పటికి 64 అతుకులు లెక్కపెట్టాం. బొమ్మ ఎగిరినచోటే మాట కూడా పోయి ఉంటుందని మేం వారం రోజులు తప్పుచోట వెతికాం. ప్రొజెక్టర్లో సౌండ్ హెడ్ బొమ్మ గేటుకు కింద ఉంటుంది, అందుకని ప్రింటు మీద సౌండును బొమ్మకన్నా సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రిస్తారు. మామ మాటల్లో, “బొమ్మ ఎగిరినాక ముక్కాలు సెకను ఆగి చూడు, మాట అక్కడ తెగుతుంది.” అంతే, 64లో 50 దాకా ఒకే రోజు పట్టేశాం. పోయిన ముక్కలను మొదట వీసీడీ నుంచి స్పీడు తగ్గించి తెచ్చాం, అక్కడ లేనివి టీచర్ మేడం క్యాసెట్ నుంచి. రేడియోలో వచ్చింది కాబట్టి పై స్వరాలు ఉండవు, గొంతు గుడ్డ కప్పినట్టుంటుంది, అయినా మాట మాటే. ఏ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో ఫైలు పక్కన ఒక పట్టికలో రాస్తున్నాం, ఇది మాత్రం మానొద్దు.

మా మధ్య గొడవ వచ్చింది చప్పుడు శుభ్రం చేసే దగ్గర. దింపిన సౌండు వింటే కీచుగా ఉంది, చిటపటలు, సకారాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. చిత్తూరు అన్న నాయిస్ రిడక్షన్ వేద్దామన్నాడు. ఒక రీలుకు వేసి చూశాం, చిటపటలతోపాటు వయొలిన్ల గరగర కూడా పోయింది, తంబురా మీద సబ్బు రాసినట్టయింది. రెండు రోజులు ఫోన్లో వాదించుకున్నాం. తర్వాత మామ చెప్పింది విన్నాక తెలిసింది, పాత హాళ్లలో ఇంత కీచు వినిపించేదే కాదట, తెర వెనక స్పీకర్లు, ఆంప్లిఫయర్ అన్నీ పై స్వరాలను తగ్గించేవి. వెతికితే దానికి లెక్కే ఉంది, అకాడమీ కర్వ్ అంటారు. 1.6 కిలోహెర్ట్జ్ దాకా సమానంగా ఉండి, 5 దగ్గర 10 డెసిబెల్స్, 8 దగ్గర 18 డెసిబెల్స్ తగ్గాలి. సౌండ్ ఇంజినీర్లు హాల్లో ఇలా తగ్గుతుందని తెలిసే అంత పదునుగా రికార్డు చేశారు. ఈక్వలైజర్‌లో ఆ వంపు గీసి 7వ రీలు వేశాం. చిటపటలు తెర వెనక్కి పోయాయి, గొంతు ముందుకొచ్చింది. ఏమీ చెరపలేదు.

అందుకని ఇప్పుడు రెండు కాపీలు దాస్తున్నాం. ఒకటి దింపింది దింపినట్టు, చిటపటలతో సహా, దాన్ని ఎవరూ ముట్టుకోరు. రెండోది స్పీడు సరిచేసి, అతుకులు పూడ్చి, అకాడమీ వంపు వేసింది. అన్న కూడా దీనికి ఒప్పుకున్నాడు. శుభ్రం చేయాలనుకునేవాళ్లు రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్‌తో మొదటి కాపీ మీద చేసుకోవచ్చు.

అమ్మ శ్రుతి పట్టుకోబోయిన పద్యం ఆ 7వ రీల్లోనే ఉంది. వీసీడీలో పద్యం ఆఖరి మాటతో సీను తెగిపోతుంది. ప్రింటులో ఆ తర్వాత 14 సెకన్ల రాగం ఉంది, మధ్యలో పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా స్పష్టంగా వినిపిస్తుంది. అమ్మ చిన్నప్పుడు ఈ సినిమాను చంద్రగిరిలో డేరా టాకీసులో నేల మీద కూర్చుని చూసింది. వింటూ వింటూ హార్మోనియం మీద వేలు పెట్టింది, ఈసారి శ్రుతి మెట్టు మీద సరిగ్గా కూర్చుంది. రాగం అయిపోయి మ్యూజిక్ లేకుండా కొంచెం ఖాళీ వస్తుంది, అక్కడ “ఇక్కడే ఈలలేసేవాళ్లు” అంది. ఆ ఖాళీని వీసీడీ వాళ్లు దండగనుకుని కోసుంటారు.

ఇప్పటికి ఖర్చు 23,400 రూపాయలు, లెన్స్‌కే సగం పోయింది. 12, 13, 15 రీళ్లు ప్రొజెక్టర్ మీదే అవుతాయి. 14వ రీలుకు కూడా వాసన మొదలైంది, కొలిస్తే 471 వచ్చింది, కాబట్టి వరస తప్పించి ముందు దాన్నే ఫోటోలు తీయాలి, ఎండాకాలం వచ్చి మేడ గది కాలిపోకముందే.

దీని తర్వాత ఏంటని తమ్ముడు అడుగుతున్నాడు. అతనికి తొంభైల డీటీఎస్ సినిమాల మీద ధ్యాస. వాటి డీటీఎస్ సౌండు ఫిల్ము మీద ఉండదు, వేరే డిస్కుల్లో వస్తుంది, ఫిల్ము మీద బొమ్మకూ మామూలు సౌండ్ ట్రాకుకూ మధ్య ఆ డిస్కును బొమ్మతో కలిపి నడిపే టైమ్‌కోడ్ గుర్తులు మాత్రమే ఉంటాయి. డిస్కు పోతే ప్రింటు మీద మిగిలేది మామూలు ఆప్టికల్ ట్రాకే. నా మనసు మాత్రం 1986 నాటి సింహాసనం సినిమా మీద ఉంది, తెలుగులో మొదటి 70 ఎంఎం, ఆరు ట్రాకుల స్టీరియో. ఆ ప్రింట్ల మీద సౌండు అయస్కాంత పట్టీల్లో ఉంటుంది, దాన్ని చదివే హెడ్ మా దగ్గర లేదు, హక్కులు కూడా వేరేవాళ్లవి, అడిగి ఒప్పించుకోవాలి. అది తర్వాత.

ప్రస్తుతానికి మాకు కావాల్సింది 9వ రీల్లో ఒక యుగళగీతం రెండో చరణం. మా ప్రింటులో ఎవరో ఆపరేటర్ టైము కోసం ఆ పాట సగం కోసేశారు, వీసీడీలోనూ లేదు, రేడియో క్యాసెట్లో మొదటి చరణమే ఉంది. కోసిన పాట ముక్కలు ఆపరేటర్లు ఇంట్లో దాచుకునేవాళ్లని మామ అంటున్నారు. ఆయన పలమనేరులో పాత స్నేహితుడి ఇంటికి వచ్చే గురువారం వెళ్తున్నారు, నేను బండి తీసుకుని తోడు వెళ్తున్నా. ఖాళీ డబ్బా, తెల్ల నూలు చేతి తొడుగులు, స్కేలు సర్దిపెట్టాను.