అప్రెంటిస్‌కి పని నేర్పాల్సింది ఎవరు?

ఐటీఐ పాసై అప్రెంటిస్‌లో చేరిన మా ఫిట్టర్ పిల్లలు పండక్కి ఊరొచ్చినప్పుడు కలుస్తుంటారు. నేను ముందు అడిగేది ఒక్కటే, "అక్కడ నీకు పని చూపించేది ఎవర్రా?" అని. చాలామంది "అందరూ చెప్తారు సార్" అంటారు, అంటే ఎవరూ చెప్పట్లేదనే లెక్క.

1961 అప్రెంటిస్ చట్టంలో ఇది స్పష్టంగానే ఉంది. ట్రేడ్ నేర్పే బాధ్యత కంపెనీదే, ట్రైనింగ్ చూసుకోడానికి అర్హత ఉన్న మనిషిని పెట్టాలి, ఎంతవరకు నేర్చుకున్నాడో రికార్డు రాయాలి. 30 మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి. నాప్స్ అనే కేంద్ర అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక స్కీమ్ కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1500 దాకా కేంద్రమే ఇస్తుంది. ఇంత ఏర్పాటు ఉన్నా నేర్పే పని చివరికి ఎవరి మీద పడుతుందంటే వర్క్‌షాపులో ఉన్న సీనియర్ ఫిట్టర్ మీద, ఆయనకేమో రోజు టార్గెట్ ఒక్కటి కూడా తగ్గించరు, ఇక పిల్లాడికి చెప్పే తీరిక ఎక్కడిది.

ఒకబ్బాయి నెలల తరబడి పంపుల లైన్లో బోల్టులు బిగిస్తూనే ఉన్నాడు, లాగ్‌బుక్‌లో మాత్రం అన్ని పనులూ చేసినట్టు చివరి వారంలో ఒకే పెన్నుతో సంతకాలు. అదే బ్యాచ్‌లో ఇంకొకడికి మంచి సీనియర్ దొరికాడు. ఆయన మోటారునీ పంపునీ కలిపే కప్లింగ్ తిప్పుతూ, చిన్న తేడా కూడా చూపించే డయల్ గేజ్ రీడింగ్ వీడితో చెప్పించేవాడంట, తప్పు చెప్తే మోటారు కింద ఎత్తు సరిచేసే పల్చటి రేకు, అదే షిమ్, వీడితోనే తీయించి మళ్ళీ వేయించేవాడంట. ఇప్పుడు వాడు అలైన్‌మెంట్, అంటే మోటారునీ పంపునీ ఒకే వరసలోకి తేవడం, ఒంటరిగా చేస్తాడు, చూస్తే ఎంత ముచ్చటేస్తుందో! కంపెనీలు అలాంటి సీనియర్లకి రోజుకో గంట టార్గెట్ తగ్గిస్తే చాలు, అసలు ట్రైనింగ్ అంటే ఆ గంటే అని నేను గట్టిగా నమ్ముతాను.

మా ఐటీఐల వంతూ ఉంది, పంపించేసి చేతులు దులుపుకోకూడదు, మధ్యలో ఓసారి వర్క్‌షాప్‌కి వెళ్ళి చూసి రావాలి. పిల్లలు కూడా ఫోన్ పక్కన పెట్టి అడిగి నేర్చుకోవాలి, టైముకి వెళ్ళాలి. ఓటీ (ఓవర్‌టైమ్) చేయమంటే మాత్రం, ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారి అయిన అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా చేయించకూడదని గుర్తుపెట్టుకోండి.

అమ్మానాన్నలకి ఒక మాట, పిల్లాడికి 18 నిండకపోతే కాంట్రాక్టు మీద సంతకం మీరే పెట్టాలి, చదివించుకుని పెట్టండి, కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఆ కాంట్రాక్టు రిజిస్టర్ అయిందో లేదో మొదటి నెలలోనే చూసుకోండి, కాకపోతే ఏడాదంతా పనిచేసినా చివర్లో పరీక్ష రాయనివ్వరు, సర్టిఫికెట్ రాదు.