కంచెకివతల నుంచే

స్కాట్లండ్‌లోని అబర్‌ఫెల్డీలో దిగేసరికి ఫోర్టింగల్ అనే ఊరికి బస్సు లేదు. 8 మైళ్ళకు టాక్సీ అతను 25 పౌండ్లన్నాడు. ఒక్క చెట్టు కోసం ఇంత పెట్టాలా అని దారంతా గొణుక్కుంటూనే ఉన్నాను. గ్లెన్ లయన్ లోయ మొదట్లో ఓడల వ్యాపారి డొనాల్డ్ కరీ 1890ల్లో కట్టించిన పూరికప్పు ఇళ్ళు, ఒక చర్చి, ఒక హోటలు. ఊరంటే అంతే. యేసుకు శిక్ష వేసిన పిలాతు ఇక్కడే పుట్టాడని చెప్పుకుంటారు. నేనైతే నమ్మలేదు.

చర్చి ఆవరణలోనే నేను చూడొచ్చిన ఆ యూ చెట్టు, సూదుల్లాంటి ఆకులుండే రకం. వయసు 2,000 నుంచి 3,000 ఏళ్ళంటారు, 5,000 అనేవాళ్ళూ ఉన్నారు. 1769లో కొలిస్తేనే చుట్టుకొలత 50 అడుగులు దాటిందట. మహావృక్షాన్ని ఊహించుకుని వెళ్ళాను. తీరా చూస్తే రాతిగోడ, కంచె, వాటి వెనక విడిపోయిన మొదళ్ళు. నడిమి మాను ఎప్పుడో పుచ్చిపోయింది. ఒకప్పుడు అదెంత ఉండేదో నేలమీద గూటాలు పాతి చూపించారు. ఆ చీలికలోంచే శవయాత్రలు వెళ్ళేవట. ముట్టుకుందామంటే చెయ్యి అందదు. నిజంగా కోపమొచ్చింది.

సమాధుల మధ్య గడ్డి కోస్తున్న పెద్దాయన నా మొహం చూసినట్టున్నాడు. "ఇంత గోడ ఉన్నా రెమ్మలు విరుచుకుపోతూనే ఉన్నారు" అన్నాడు. పూర్వమైతే ముక్కలు కోసి తాగే గిన్నెలు చేసుకునేవాళ్ళట. చర్చిలో ఉండే 7వ శతాబ్దపు చేతిగంటను కూడా 2017లో ఎవరో ఎత్తుకుపోయారట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు తగ్గింది.

నాకు మా పాలమూరు పిల్లలమర్రి గుర్తొచ్చింది. చిన్నప్పుడు చిన్నాయన పిల్లలతో కలిసి దాని ఊడలు పట్టుకుని ఊగేవాళ్ళం. బెరడు మీద మేకుతో నా పేరు కూడా చెక్కాను. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ విరిగిపడింది. చెదలు పట్టిన ఆ మర్రికి సీసాలు వేలాడదీసి, మనుషులకు సెలైన్ పెట్టినట్టే మందు ఎక్కించారు. చూసేవాళ్ళను లోపలికి రానివ్వడం మానేశారు. "మా చెట్టు దగ్గరికి మమ్మల్నే పోనివ్వరా" అని అప్పుడు ఫోన్లో అమ్మతో కొట్లాడాను.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను, పేరు చెక్కిన సంగతితో సహా. ఆయన ఏమీ అనలేదు. కంచె దగ్గరికి పిలిచి పైకి చూపించాడు. ఇది మగ చెట్టు. అయినా 2015లో ఆ పైన ఒక్క కొమ్మ మాత్రం ఆడదై, మూడు ఎర్రటి పళ్ళు కాసిందట.

అది ఏ కొమ్మో నేను పోల్చుకోలేకపోయాను. టాక్సీ తిరిగొచ్చేదాకా వెతుకుతూ నిలబడ్డాను, కంచెకివతల నుంచే.