టెస్టు ఫెయిలైతే వెంటనే తీసేయకండి

డెబియన్‌కి (అదొక లినక్స్ సిస్టమ్) ప్యాకేజీలు చేసేటప్పుడు ఎక్కువ టైమ్ తినేసేది ప్యాకేజింగ్ కాదండీ, టెస్టులు. అప్‌స్ట్రీమ్ వాళ్ల దగ్గర, అంటే ఆ ప్రోగ్రామ్ అసలు రాసేవాళ్ల దగ్గర అన్నీ పచ్చగానే ఉంటాయి, మనం ఎస్‌బిల్డ్‌లో (డెబియన్ ప్యాకేజీలని శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేసే టూల్) పెట్టగానే ఎర్రగా వరసపెట్టి వస్తాయి. రూల్స్ ఫైల్లో (ప్యాకేజీని ఎలా బిల్డ్ చేయాలో చెప్పేది) టెస్ట్ స్టెప్‌ని ఓవర్‌రైడ్ చేసి కింద ఖాళీగా వదిలేస్తే బిల్డ్ పాసైపోతుంది, చాలామంది చేసేదీ అదే, కానీ నాకది చూస్తే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఒక్క టెస్టు కోసం మిగతా నాలుగొందలూ కూడా పోతాయి.

అసలు ఎందుకు ఫెయిలైందో చూస్తే సగం కేసులు తేలిపోతాయి. నెట్ కావాలనే టెస్టు అయితే ఆలోచించక్కర్లేదు, బిల్డ్ టైమ్‌లో నెట్ వాడకూడదని డెబియన్ పాలసీయే చెప్తుంది, పైబిల్డ్‌కి (పైథాన్ ప్యాకేజీల బిల్డ్ టూల్) ఆ ఒక్క టెస్టు పేరు ఇచ్చి స్కిప్ చేయించి పక్కన కారణం ఒక లైను రాస్తే చాలు. పైథాన్ 3.12లో అసర్ట్‌ఈక్వల్స్ (రెండు విలువలు సమానమా అని టెస్టుల్లో చూసే ఫంక్షన్‌కి పాత పేరు) తీసేశారు కదా, దానివల్ల వచ్చేవి చివర ఒక్క ఎస్ తీసేస్తే పోతాయి. టెస్టుల కోసం పెట్టుకున్న సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయిపోవడం ఇంకోటి, లేదా అందులో కీ 1024 బిట్లే ఉంటే డెబియన్‌లోని ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) చిన్నదని తోసేస్తుంది, 2048తో కొత్తది చేసి పెట్టాలి.

టైమ్‌జోన్ సంగతి మాత్రం మనవాళ్లకే బాగా తెలుస్తుంది. బిల్డ్ మెషీన్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటాయి కాబట్టి అక్కడ పాస్, హైదరాబాద్‌లో నా లాప్‌టాప్ మీద డైరెక్ట్‌గా రన్ చేస్తే ఫెయిల్, తీరా చూస్తే కోడ్‌లో ఆఫ్‌సెట్‌ని (యూటీసీకీ మనకీ మధ్య తేడా, సెకన్లలో) 3600తో భాగించి శేషం పారేస్తుంటారు, మనది 5:30 కదా, ఆ అరగంట గల్లంతు. ఇక్కడ టెస్టుది తప్పేం లేదు, ప్రోగ్రామ్‌దే తప్పు, స్కిప్ చేస్తే ఇండియాలో వాడే ప్రతివాడికీ టైమ్ తేడాగా కనిపిస్తుంది. టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్‌ని యూటీసీకి సెట్ చేసి వదిలేయడమూ నా లెక్కలో స్కిప్ చేసినట్టే.

ఎస్390ఎక్స్‌లో (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ప్రాసెసర్ రకం) మాత్రమే ఫెయిలైందంటే నేనైతే అస్సలు ముట్టుకోకుండా వదలను. అది బిగ్ ఎండియన్, అంటే సంఖ్యలో పెద్ద బైటు ముందు పెడుతుంది, మన మామూలు కంప్యూటర్లు లిటిల్ ఎండియన్, చిన్నది ముందు; అక్కడ బైట్లు తిరగబడి వస్తున్నాయంటే ఎవరో స్ట్రక్ట్ అన్‌ప్యాక్‌లో (పైథాన్‌లో బైట్లని సంఖ్యలుగా చదివేది) లిటిల్ ఎండియన్ గుర్తు పెట్టడం మర్చిపోయారన్నమాట, ఫిక్స్ ఒక్క అక్షరం. "మెయిన్‌ఫ్రేమ్‌లో ఇది ఎవడు వాడతాడు" అంటారు, వాడకపోవచ్చు, కానీ అక్కడ రాసిన ఫైలు ఇక్కడ తెరుచుకోదు కదా. ఐ386లో (పాత 32-బిట్ ఇంటెల్ రకం) దశాంశాల చివర తేడా వస్తే అది వేరే కథ, పాత ఎక్స్87 యూనిట్ 80 బిట్లలో లెక్కేస్తుంది, అక్కడ టాలరెన్స్ కాస్త పెంచితే తప్పు లేదు.

ఫిక్స్‌ని ప్యాచ్‌గా క్విల్ట్‌లో (ప్యాచ్‌లు చూసుకునే టూల్) వేసి ఊరుకోవద్దు, ప్యాచ్ పైన హెడర్‌లో ఫార్వర్డెడ్ అని ఉంటుంది చూడండి, అక్కడ అప్‌స్ట్రీమ్‌కి పంపిన లింక్ పెట్టండి, లేకపోతే ప్రతి కొత్త వెర్షన్‌కీ అదే ప్యాచ్‌ని మళ్లీ మీరే సర్దుకుంటూ కూర్చోవాలి. ఇక బిల్డ్‌లో స్కిప్ చేసిన ఆ నెట్ టెస్టుల్ని ఆటోప్యాకేజ్‌టెస్ట్‌లో (బిల్డ్ అయ్యాక ప్యాకేజీని టెస్ట్ చేసే డెబియన్ టూల్) నీడ్స్-ఇంటర్నెట్ అని పెట్టి రన్ చేయించుకోవచ్చు, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ మీదే నడుస్తాయి కాబట్టి ఏదన్నా ఫైలు ప్యాక్ చేయడం మర్చిపోయినా అక్కడ దొరికిపోతుంది.