ఫోటో పెట్టింది నువ్వే కదమ్మా

"కల్పనా చావ్లా ఫోటో నా గదిలో పెట్టింది నువ్వే కదమ్మా, ఆవిడ కూడా ఏరోబాటిక్స్ చేసేది తెలుసా?" అంది మా పెద్దది, విమానంతో గాల్లో పల్టీలు కొట్టే ఆ పోటీకి వద్దని నేను పట్టుబట్టినప్పుడు. తెలుసు. ఆవిడ 1984లో మాస్టర్స్ చేసిన ఆర్లింగ్టన్ యూనివర్సిటీ మాకు దగ్గరే, పిల్లల చిన్నప్పుడు అటు వెళ్లినప్పుడల్లా చూపించి మరీ చెప్పేదాన్ని. కానీ 2003 ఫిబ్రవరి 1న ఆవిడ ఉన్న కొలంబియా వ్యోమనౌక ముక్కలైందీ ఈ టెక్సాస్ ఆకాశంలోనే. ఆ మాట నోటిదాకా వచ్చింది, బిడ్డ మొహం చూసి అనలేకపోయాను.

పిల్లలు ఇలాంటిది అడిగితే వద్దనే ముందు ఒకసారి వెళ్లి అక్కడ పని చేయండి అని చెప్తాను. ఇంటర్నేషనల్ ఏరోబాటిక్ క్లబ్ పోటీలు నడిచేదే వాలంటీర్లతో, ఒక స్థాయిలో ఎగిరే పైలట్లు ఇంకో స్థాయికి జడ్జీలుగా కూర్చుంటారు. నాకు జడ్జి పక్కన మార్కులు రాసే పని ఇచ్చారు. తల ఎత్తకూడదు, ఎత్తితే ఒక మార్కు తప్పిపోతుంది. ప్రతి విన్యాసానికీ పది నుంచి మొదలుపెట్టి ఐదు డిగ్రీల తేడాకి అర మార్కు చొప్పున తీసేస్తారు, మిగిలినదాన్ని కష్టాన్ని బట్టి పెట్టిన అంకెతో గుణిస్తారు. మామూలు లూప్‌కి, అంటే గాల్లో నిలువుగా ఒక గుండ్రం చుట్టడానికి, ఆ అంకె 10, అంటే ఎనిమిదిన్నర వస్తే 85. ఒకటి చెయ్యాల్సిన చోట ఇంకోటి చేస్తే సున్నా.

మా అమ్మాయిది ప్రైమరీ, అన్నిటికంటే కింది స్థాయి. ఆ విన్యాసాలన్నీ ఆకాశంలో పొడవు వెడల్పు వెయ్యేసి మీటర్లుండే ఊహాత్మక బాక్స్‌లోనే చెయ్యాలి, 1,500 అడుగుల కంటే కిందికి దిగకూడదు. తోడుగా సేఫ్టీ పైలట్ ఉన్నారు. పారాచూట్‌ని 180 రోజులకోసారి లైసెన్సున్న రిగ్గర్ విప్పి మళ్లీ మడవాలని తెలిశాక దాని చీటీ మీద తేదీ నేనే స్వయంగా చూసుకున్నాను. మా అమ్మాయి వంతు వచ్చేసరికి కాగితాలు వేరేవాళ్లకిచ్చి లేచాను. మొదలుపెడుతున్నానని జడ్జీలకి చెప్పడానికి మూడుసార్లు రెక్కలూపింది. స్పిన్‌లో విమానం ముక్కు నేలకేసి తిరుగుతుంటే ఆంజనేయస్వామిని తలుచుకోవడం తప్ప ఏమీ చేతకాలేదు.

దిగాక తన మార్కుల కాగితం తెచ్చి పక్కన కూర్చుని, లూప్ పైభాగంలో గుండ్రం ఎక్కడ చెడిందో, ఏ అర మార్కు ఎందుకు పోయిందో చేత్తో గాల్లో గీసి చూపించింది. స్కూల్లో 92 ఎందుకొచ్చిందని అడిగితే తలుపేసుకున్న పిల్ల ఇది. నేనడిగిన తీరులోనే తేడా ఉందా, లేక తనకి కావాల్సింది దొరికిందా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇక్కడ పెరిగిన పిల్ల కాబట్టి భయం లేదనుకునేదాన్ని, పొద్దున టిఫిన్ ముట్టలేదని వాళ్ల చెల్లి చెప్పేదాకా.

వచ్చే ఏడాది తర్వాతి స్థాయి స్పోర్ట్స్‌మన్‌లో ఒంటరిగా ఎగురుతుందట. ఆ పై స్థాయి ఇంటర్మీడియట్‌లో అన్‌నోన్ అని ఒకటుంది, ఏ విన్యాసాలు చెయ్యాలో ముందు రోజు కాగితం చేతికిస్తారు, గాల్లో ప్రాక్టీసు చెయ్యనివ్వరు, నేలమీద నడుస్తూ చేతులు తిప్పుతూ గుర్తుపెట్టుకోవాలంతే. దాని గురించి చెప్తున్నప్పుడు ఆ కళ్లు చూస్తే కాదనడానికి నోరు రాదు, అలాగని సరేననీ అనలేదు. తెనాలిలో మా అమ్మకైతే అసలు విషయమే చెప్పలేదు, మనవరాలు ఆదివారం ఫోన్ ఎందుకు చెయ్యలేదని ఆవిడ అడుగుతూనే ఉంది.