రెహోవోత్‌లో ఐస్ చూసిన రోజు

టెల్ అవీవ్‌లో రైలెక్కితే అరగంటకల్లా రెహోవోత్ వచ్చేస్తుంది. జనవరిలో కూడా స్వెటర్ సరిపోయే ఊరు. ఊరి చిహ్నంలోనే నారింజపండు, మైక్రోస్కోపు, పుస్తకం ఉంటాయి. ఇలాంటి చోట ఐస్ మీద పరిశోధనేంటా అనుకుంటూనే వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. మా పిన్నికొడుకు అక్కడ పోస్ట్‌డాక్. ఆవరణలో ఫొటోల కోసం అందరూ ఆగేది యాక్సిలరేటర్ టవర్ దగ్గర. మేం సరాసరి ల్యాబ్‌కి పోయాం.

"సున్నా దగ్గర నీళ్లు గడ్డకడతాయని బట్టీపట్టాం కదన్నా, అది సగమే నిజం" అన్నాడు వాడు. మంచు మొదలవడానికి ఏదో ఒక ఆధారం దొరకాలట. దొరక్కపోతే స్వచ్ఛమైన నీటిచుక్క సున్నాకి చాలా కిందికి దిగినా నీరుగానే ఉండిపోతుంది.

వాడు చూపించిన లిథియం టాంటలేట్ స్ఫటికం గాజుపలకలా ఉంది. దాని ఉష్ణోగ్రత మారితే చాలు, ఒక ముఖం మీద ధనావేశం, ఎదుటి ముఖం మీద రుణావేశం పుడతాయి. వైరూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఇక్కడి ఎహ్రే, లాహవ్, లుబోమిర్‌స్కీల బృందం 2010లో సైన్స్ పత్రికలో రాసిన ప్రయోగం ఇదే. ధనావేశం ఉన్న ముఖం మీద నీరు మైనస్ 7 డిగ్రీల దగ్గరే గడ్డకట్టింది. రుణావేశం ఉంటే మైనస్ 18 దాకా ఆగింది.

"ఇప్పుడు వేడి చేస్తున్నా, చూడు" అన్నాడు. మైనస్ 11 దగ్గర రుణావేశపు ముఖం మీద చుక్కలు తేటగా మెరుస్తున్నాయి. అంకె మైనస్ 8 వైపు పెరుగుతుండగా మానిటర్ మీద చుక్కలన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. వేడి చేస్తే నీళ్లు గడ్డకట్టడమేంటి! నేను నమ్మక మళ్లీ చేయించాను. వేడికి ఆవేశం తిరగబడి, అదే ముఖం ధనావేశానికి మారిందన్నమాట.

నాకు బాగా నచ్చింది ఆ "అదే ముఖం" సంగతే. వేరే పదార్థాలతో పోల్చితే తేడా ఆవేశం వల్లా, అణువుల అమరిక వల్లా అన్న గొడవ తేలదు. ఇక్కడ మారింది ఆవేశమే. ఇంకో తమాషా ఏంటంటే, ధనావేశం ఉంటే చుక్క అడుగునుంచి గడ్డకడుతుంది, రుణావేశం ఉంటే గాలి తగిలే పైభాగం నుంచి.

వెళ్లాలనుకుంటే ఆదివారం పెట్టుకోండి. శుక్రవారం మధ్యాహ్నం దాటితే శనివారం రాత్రిదాకా రైళ్లుండవు.